స్కాట్ దొరగా చూశాం సరే, రే స్టీవెన్సన్ కెరీర్ అసలు ఎలా నడిచింది?

ఆర్ఆర్ఆర్ చూసినవాళ్లలో రే స్టీవెన్సన్ అనే పేరు ఎంతమందికి గుర్తుందో గానీ, గవర్నర్ స్కాట్ మొహం మర్చిపోయినవాళ్లు మాత్రం దాదాపు ఉండరు. సినిమా మొదట్లోనే మల్లిని కార్లో ఎక్కించుకుని పోతుంటే వెనకాల తల్లి పరిగెత్తుకొస్తుంది, ఒక సిపాయి ఆమె మీదకి తుపాకి ఎత్తుతాడు, స్కాట్ వచ్చి ఆపుతాడు. ఒక్క క్షణం కాపాడతాడేమో అనిపిస్తుంది. కానీ ఆయన మాట్లాడేది తూటా ఖరీదు గురించి. ఇంగ్లండ్‌లో తయారై సముద్రాలు దాటి ఇక్కడిదాకా వచ్చిన తూటా ఇది, దీన్ని ఈమె మీద తగలేస్తావా అని అడుగుతాడు, అంతే, సిపాయి తుపాకి పక్కన పెట్టి ఒక కొమ్మ తీసుకుని ఆ తల్లి తల మీద కొడతాడు. ఈ సీన్‌లో రే గొంతు పెంచడు, కళ్లు ఉరమడు. స్టోర్స్ రిజిస్టర్ చూసుకుంటున్న ఆఫీసర్ మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఆ ప్రశాంతతే భయం పుట్టిస్తుంది, క్లైమాక్స్‌లో ఆ తూటా లెక్క తేలేదాకా మూడు గంటల సినిమాలో మన కోపం చల్లారకుండా ఉండటానికి కారణం ఈ ఒక్క సీనే అని నా అభిప్రాయం.

2023 మే 21న ఇటలీలోని ఇస్కియా అనే దీవిలో ఆయన చనిపోయారు. అక్కడ ఒక సినిమా షూటింగ్‌లో ఉన్నారు, ఇంకో నాలుగు రోజులు ఉంటే 59వ పుట్టినరోజు. ఆ రోజు వచ్చిన వార్తలు చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనపడింది. మన దగ్గర అందరూ ఆర్ఆర్ఆర్ విలన్ ఇకలేరు అని రాశారు, అమెరికావాళ్లు థార్ నటుడు, స్టార్ వార్స్ నటుడు అన్నారు, సీరియళ్ల పిచ్చి ఉన్నవాళ్లు 'రోమ్' సిరీస్‌లో టైటస్ పులో పోయాడని బాధపడ్డారు, సముద్రపు దొంగల సిరీస్ 'బ్లాక్ సెయిల్స్' ఫ్యాన్స్ బ్లాక్‌బియర్డ్ పోయాడన్నారు. మనిషి ఒక్కడే, కానీ ఒక్కో చోట ఒక్కో పేరు. ముప్ఫై ఏళ్లు పనిచేసి, హాలీవుడ్‌లో హీరోగా చేసి, హెచ్‌బీఓ అనే అమెరికన్ టీవీ ఛానెల్లో మెయిన్ రోల్ చేసి, అంత పెద్ద సినిమాల్లో కనపడి కూడా "ఆయన పేరేంటి, ఆ పొడుగాయన" అని అడిగే పరిస్థితి ఎందుకు? చాలామంది దీనికి లక్కు కలిసిరాలేదు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ జవాబు సరిపోదు, ఎందుకంటే ఆయన కెరీర్‌ని వరసగా పెట్టుకుని చూస్తే బ్రిటిష్ సపోర్టింగ్ యాక్టర్ల జీవితం ఎలా నడుస్తుందో మొత్తం కనపడుతుంది.

మొదటి నుంచి వద్దాం. 1964లో ఉత్తర ఐర్లండ్‌లోని లిస్‌బర్న్‌లో పుట్టారు, నాన్న బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్, ముగ్గురు అన్నదమ్ముల్లో రెండోవాడు. ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వైపు వచ్చేసింది. చిన్నప్పటి నుంచి నటనే ప్రాణం అన్న టైపు కథ కాదిది, ఆయన లండన్‌లో ఒక ఆర్కిటెక్చర్ కంపెనీలో ఇంటీరియర్ డిజైనర్‌గా ఉద్యోగం చేశారు. జాన్ మాల్కోవిచ్ లండన్ స్టేజ్ మీద వేసిన నాటకం చూశాక, నేను చేయాల్సింది ఇది కదా అనిపించి, ఉన్న ఉద్యోగం వదిలేసి బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో చేరారు. 1946 నుంచి నడుస్తున్న స్కూల్ అది, డేనియల్ డే లూయిస్, జెరెమీ ఐరన్స్, ఒలీవియా కోల్మన్ లాంటివాళ్లు అక్కడి నుంచే వచ్చారు. ఈయన కోర్సు పూర్తి చేసి బయటికొచ్చేసరికి 29 ఏళ్లు.

ఆ వయసుని గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగినదాంట్లో సగం దానివల్లే. హీరో అవ్వాలంటే ఇండస్ట్రీ ఒక కుర్రాడి మీద పదేళ్లు పెట్టుబడి పెడుతుంది, చిన్న లవ్ స్టోరీ ఇస్తుంది, తర్వాత యాక్షన్ ఇస్తుంది, ఫ్లాపులు వచ్చినా ఇంకా టైముందిలే అనుకుంటుంది. 29కి మొదలుపెట్టినవాడికి ఆ పదేళ్లు లేవు. పైగా ఆరడుగులు దాటిన మనిషి, విశాలమైన మొహం, బరువైన గొంతు, పక్కింటి అబ్బాయి వేషాలకి పనికొచ్చే పర్సనాలిటీ కాదు.

ఇక్కడ బ్రిటిష్ టీవీ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పుకోవాలి. మన సీరియల్ లాగా ఏళ్ల తరబడి వందల ఎపిసోడ్లు నడిచేవి అక్కడా ఉన్నాయి గానీ, డ్రామా సిరీస్ అంటే మామూలుగా ఆరేడు ఎపిసోడ్లే. అంటే ఒక దాంట్లో రోల్ దొరికినా కొన్ని నెలల్లో పని అయిపోతుంది, మళ్లీ ఇంకోటి వెతుక్కోవాలి. మధ్యలో ఖాళీ ఉంటే స్టేజ్. దీనివల్ల డబ్బు పెద్దగా రాదు, కానీ పోలీసు, భర్త, ప్రియుడు, రౌడీ, డాక్టర్ ఇలా రకరకాల మనుషుల్ని తక్కువ టైములో నిలబెట్టడం అలవాటవుతుంది. ప్రేక్షకుడికి పరిచయం చేసుకునేంత టైము ఉండదు కాబట్టి, తలుపు తీసుకుని లోపలికి రావడంలోనే ఆ మనిషి ఎవరో తెలియాలి. రే స్టీవెన్సన్ 1993 నుంచి సుమారు పదేళ్లు ఇదే చేశారు, ఐటీవీ అనే బ్రిటిష్ ఛానెల్లో 'బ్యాండ్ ఆఫ్ గోల్డ్', 'ఎట్ హోమ్ విత్ ద బ్రెయిత్‌వెయిట్స్' లాంటి సిరీసుల్లో కనపడ్డారు. స్టేజ్ కూడా వదల్లేదు. 2000లో ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలో, మధ్యయుగం నాటి యార్క్ మిస్టరీ నాటకాలు, అంటే బైబిల్ కథల నాటకాలు వేసినప్పుడు యేసు క్రీస్తు వేషం ఈయనదే. గవర్నర్ స్కాట్‌గా మనం అసహ్యించుకున్న మనిషే క్రీస్తుగా నిలబడ్డాడంటే ఆ పదేళ్లలో ఎంత దూరం సాధన చేశాడో ఊహించుకోవచ్చు.

సినిమాల్లో చాలామంది కంట్లో పడింది 2004లో వచ్చిన 'కింగ్ ఆర్థర్'. క్లైవ్ ఓవెన్ ఆర్థర్, కీరా నైట్లీ పక్కన, ఆర్థర్ చుట్టూ ఉండే యోధుల్లో మ్యాడ్స్ మికెల్సన్, జోయెల్ ఎడ్జర్టన్, రే విన్‌స్టన్ ఉన్నారు. ఈ గుంపులో రే స్టీవెన్సన్ చేసింది డాగనెట్, మాటలు చాలా తక్కువ. ఒక సీన్‌లో గడ్డకట్టిన సరస్సు మీద శత్రువుల సైన్యం వస్తుంటుంది, వీళ్లు పట్టుమని పది మంది కూడా లేరు, మంచు పగిలితేనే బతుకుతారు. డాగనెట్ గొడ్డలి తీసుకుని ఒక్కడే సరస్సు మధ్యలోకి పరిగెత్తి మంచు మీద కొట్టడం మొదలెడతాడు. బాణాలు తగులుతుంటాయి, ఆగడు, ఇంకా కొడతాడు. మంచు పగులుతుంది, సైన్యం మునుగుతుంది, ఈయనా పోతాడు. సినిమా ఓ మాదిరిగా ఉంటుంది, కానీ ఆ సీన్ మాత్రం చూసినవాళ్లకి గుర్తుండిపోయింది. డైలాగ్ లేకుండా కేవలం శరీరంతో ఒక మనిషి మంచితనాన్ని చూపించడం అనేది అందరివల్లా అయ్యే పని కాదు.

తర్వాతి ఏడాదే 'రోమ్'. హెచ్‌బీఓ, బీబీసీ, ఇటలీ వాళ్ల రాయ్ ఛానెల్ కలిసి తీసిన సిరీస్, రోమ్ నగరంలోని చినెచిత్తా స్టూడియోలో ఎకరాల కొద్దీ సెట్లు వేశారు, అప్పటికి టీవీలో అంత ఖర్చు చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సీజర్, ఆంటోనీ, క్లియోపాత్రా, అక్టేవియన్ అందరూ ఉంటారు, కానీ కథ నడిచేది ఇద్దరు మామూలు సైనికుల మీద, లూషియస్ వొరేనస్, టైటస్ పులో. ఈ రెండు పేర్లూ కల్పితం కాదు, గాల్ యుద్ధం గురించి సీజర్ స్వయంగా రాసుకున్న దాంట్లో ఇద్దరు సెంచూరియన్ల (రోమన్ సైనిక దళ నాయకుల) పేర్లుగా కనపడతాయి. సిరీస్‌లో పులో అంటే తాగుబోతు, కొట్లాటలు, ఆడపిచ్చి, ఎవరైనా ఏడిస్తే ఏం చేయాలో తెలియని పెద్ద పిల్లాడు, ఒక్కోసారి క్షమించలేని హత్యలు చేసేవాడు కూడా. ఇలాంటి పాత్రని కామెడీ చేసేస్తే అక్కడితో అయిపోయేది, ఈయన అలా చేయలేదు.

మొదటి సీజన్ చివర్లో ఒక ఎపిసోడ్ ఉంది, పులోకి మరణశిక్ష వేసి గ్లాడియేటర్ల మధ్యకి తోస్తారు. బతకాలని లేదు కాబట్టి, నేను పోరాడను, చంపేసుకోండి అని మొండికేస్తాడు. గ్లాడియేటర్లు రెచ్చగొడతారు, తిడతారు, ఆయన్ని ఏమన్నా పట్టించుకోడు. అప్పుడు వాళ్లు ఆయన పనిచేసిన పదమూడో లీజియన్‌ని, అంటే ఆ సైనిక దళాన్ని, తిడతారు. కెమెరా మొహం మీదే ఉంటుంది, అక్కడ కళ్లలో వచ్చే మార్పు చూడండి, కోపం కంటే ముందు నొప్పి వస్తుంది, నన్ను అనండి గానీ మావాళ్లని అంటారా అన్నట్టు, ఆ తర్వాతే లేచి ఒక్కొక్కడినీ నరకడం మొదలెడతాడు. "పదమూడు" అని అరుస్తూ కొడుతుంటే అదొక మనిషి ఏడుపులాగే వినపడుతుంది. ఇక చేతకాక కూలిపోయే టైముకి, అప్పటిదాకా చూస్తూ నిలబడ్డ వొరేనస్ దూకుతాడు. టీవీలో ఇద్దరు మగాళ్ల స్నేహం గురించి నేను చూసినవాటిలో దీనికి పైన పెట్టేది ఏదీ లేదు.

అప్పటికి ఆయనకి 41. ఇక్కడి నుంచి స్టార్ అయిపోవాలి కదా అని అందరూ అనుకున్నారు. కాలేదు, ఎందుకు కాలేదు అనేదే అసలు చిక్కుముడి.

మొదటి కారణం డబ్బు. 'రోమ్' ఖర్చు తట్టుకోలేక రెండో సీజన్ తీస్తుండగానే ఇదే ఆఖరు అని తేల్చేశారు. సృష్టికర్త బ్రూనో హెల్లర్ ఐదు సీజన్లకి ప్లాన్ వేసుకున్నారు, రెండో సీజన్ బ్రూటస్ చావుతో ఆగాలి, ఆ తర్వాత ఈజిప్టు కథ వేరే సీజన్లలో రావాలి, కానీ ఆపేస్తున్నారని తెలియగానే అదంతా తెచ్చి రెండో సీజన్ రెండో సగంలోకి కుక్కాల్సొచ్చింది. మొత్తం 22 ఎపిసోడ్లతో 2007 మార్చిలో అయిపోయింది, అదే ఏడాది ఆగస్టులో చినెచిత్తాలో మంటలు రేగి సెట్లలో చాలా భాగం కాలిపోయాయి. ఇంకో నాలుగేళ్లకి, 2011లో, అదే హెచ్‌బీఓ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మొదలెట్టింది, ఎనిమిది సీజన్లు నడిచింది, అందులో మూడో నాలుగో స్థాయి నటులు కూడా ప్రపంచం మొత్తానికి తెలిసిపోయారు. 'రోమ్' వచ్చినప్పుడు ఇంట్లో కూర్చుని స్ట్రీమింగ్‌లో చూసే అలవాటు ఇంకా రాలేదు, చూసినవాళ్లు విపరీతంగా ప్రేమించారు గానీ చూసినవాళ్లే తక్కువ.

ఇదే టైములో పక్కనున్న ఆయన్ని చూస్తే పోలిక తెలుస్తుంది. వొరేనస్‌గా చేసిన కెవిన్ మెక్‌కిడ్ 2008లో 'గ్రేస్ అనాటమీ' అనే అమెరికన్ హాస్పిటల్ సిరీస్‌లో డాక్టర్ ఓవెన్ హంట్‌గా చేరారు, పదిహేనేళ్లకి పైగా అందులోనే చేశారు. నెలనెలా జీతంలాంటి పని, ఒకే ఊరు, అదే ప్రేక్షకులు ప్రతి వారం. ఒకే సిరీస్ నుంచి ఇద్దరు బ్రిటిష్ నటులు రెండు దారుల్లో వెళ్లారు, ఒకరు ఒకచోట స్థిరపడ్డారు, రే స్టీవెన్సన్ ఊళ్లు పట్టుకు తిరిగారు. ఇందులో గొప్పదారి ఏది అని నేను చెప్పను, కానీ రెండో దారిలో వెళ్లినవాడి పేరు జనానికి గుర్తుండటం మాత్రం కష్టం.

రెండో కారణం 2008 డిసెంబర్లో వచ్చిన 'పనిషర్: వార్ జోన్'. మార్వెల్ పాత్ర, టైటిల్ రోల్, పూర్తి స్థాయి హీరో. సుమారు మూడున్నర కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచం మొత్తం మీద కోటి డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఆ ఏడాదే 'ఐరన్ మ్యాన్', 'ద డార్క్ నైట్' వచ్చాయి, కామిక్ సినిమా అంటే ఎలా ఉండాలో జనం మనసులో కొత్తగా సెట్ అయిపోయింది, అలాంటి టైములో డిసెంబర్ చలిలో రక్తం ఏరులై పారే ఒక సినిమా ఎవరికి కావాలి? తర్వాత్తర్వాత ఆ సినిమాకి గట్టి ఫ్యాన్స్ తయారయ్యారు, ఇప్పటికీ పనిషర్ అంటే ఈయనే అనేవాళ్లున్నారు, కానీ 44 ఏళ్ల వయసులో ఒక నటుడికి మొదటి పెద్ద హీరో సినిమా పోతే రెండో ఛాన్స్ ఇవ్వడానికి స్టూడియోలకి కారణం ఉండదు. మళ్లీ హీరోగా చేసింది 2011లో వచ్చిన 'కిల్ ది ఐరిష్‌మన్', క్లీవ్‌లాండ్‌లో మాఫియాని ఎదిరించి 1977లో కారు బాంబుకి చనిపోయిన డానీ గ్రీన్ అనే నిజమైన మనిషి కథ. క్రిస్టఫర్ వాకెన్, వాల్ కిల్మర్ ఉన్నారు. మంచి సినిమా, తక్కువ థియేటర్లు, మళ్లీ కొద్దిమందే చూశారు.

అదే 2011లో 'థార్' వచ్చింది, అందులో వోల్‌స్టాగ్. మూడేళ్ల కిందట మార్వెల్ హీరో అయిన మనిషి ఇప్పుడు మార్వెల్ హీరో వెనకాల నిలబడే లావుపాటి ఫ్రెండ్, ఒంటికి పొట్ట కట్టుకుని, గడ్డం పెట్టుకుని. మూడు సినిమాల్లో ఉన్నారు. మూడో దాంట్లో, 2017 'థార్: రాగ్నరాక్'లో, విలన్ హేలా వచ్చీ రాగానే ఈయన్ని చంపేస్తుంది, సీటులో సర్దుకునేలోపు అయిపోతుంది. ఇది చూసి పాపం అనుకునేవాళ్లున్నారు, నాకూ కోపమే వచ్చింది. కానీ ఫ్రాంచైజ్ లోపలి లెక్క ఇదే, సపోర్టింగ్ పాత్రకి మొదటి సినిమాలో పరిచయం ఇస్తారు, రెండో దాంట్లో గుంపులో నిలబెడతారు, మూడో దాంట్లో విలన్ ఎంత ప్రమాదమో చూపించడానికి చంపుతారు. ఆ చావు మనకి కాస్తయినా తగిలిందంటే అంతకుముందు ఆ నటుడు ఆ పాత్రని ఇష్టపడేలా చేశాడు కాబట్టి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. క్యారెక్టర్ ఆర్టిస్ట్ అంటే ఏంటో తెలుగోళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఎస్వీ రంగారావు, గుమ్మడి, రావు గోపాలరావు లాంటివాళ్లని హీరోలతో సమానంగా నెత్తిన పెట్టుకున్న జనం మనం. 'మాయాబజార్' అనగానే ముందు ఘటోత్కచుడు గుర్తొచ్చేవాళ్లు ఎంతమంది లేరు? మరి వాళ్లకి వచ్చిన గుర్తింపు రే స్టీవెన్సన్‌కి ఎందుకు రాలేదు అంటే, నాకు అర్థమైనంతవరకు తేడా నటనలో లేదు, ప్రేక్షకుల్లో ఉంది. ఎస్వీఆర్‌ని చూసే జనం అదే జనం. ఈ ఏడాది రాక్షసుడిగా చూశారు, వచ్చే ఏడాది తండ్రిగా చూశారు, ఆ పాత జ్ఞాపకం మొత్తం మోసుకుని కొత్త సినిమాకి వచ్చారు, అందుకే ఆయన తెర మీదకి రాగానే నటించకముందే సగం పని అయిపోయేది. ఒకే భాష, ఒకే ఇండస్ట్రీ, వడ్డీ మీద వడ్డీ పడినట్టు పేరు పెరిగింది. రే స్టీవెన్సన్ విషయంలో 'రోమ్' చూసినవాళ్లు వేరు, 'డైవర్జెంట్' సినిమాల్లో హీరో తండ్రిగా చూసిన అమెరికన్ టీనేజర్లు వేరు, 'త్రీ మస్కిటీర్స్'లో పోర్థోస్‌గా చూసిన పిల్లలు వేరు, ఆర్ఆర్ఆర్ చూసిన మనం వేరు. వెళ్లిన ప్రతి చోటా ఆయన మొదటి రోజు వచ్చిన నటుడే. ప్రతిసారీ సున్నా నుంచి మొదలెట్టి, రెండు మూడు సీన్లలో మనల్ని నమ్మించి, వెళ్లిపోయాడు.

ఈ తిరుగుడు కూడా ఆయన సరదా కొద్దీ తిరిగింది కాదు. 2000ల నుంచి పెద్ద షూటింగులన్నీ ఎక్కడ పన్ను రాయితీలు ఎక్కువిస్తే, ఎక్కడ ఖర్చు తక్కువైతే అక్కడికి పోవడం మొదలయ్యాయి. న్యూయార్క్ కథ మాంట్రియల్‌లో తీస్తారు, కరీబియన్ దీవుల కథ దక్షిణాఫ్రికాలో తీస్తారు, వైకింగుల కథ ఐర్లండ్‌లో తీస్తారు. కథ ఏ దేశానిదైనా కత్తి పట్టుకోగలిగిన, ఇంగ్లిష్ స్పష్టంగా మాట్లాడగలిగిన, స్టేజ్ ట్రైనింగ్ ఉన్న, స్టార్ రేటు అడగని ఒక బలమైన నటుడు కావాలి. బ్రిటన్‌లో అలాంటివాళ్లు వందల్లో ఉన్నారు, అందుకే అమెరికన్ సినిమాల్లో విలన్లు, సైన్యాధిపతులు, రాజులు ఇంతమంది బ్రిటిష్‌వాళ్లు కనపడతారు. రే స్టీవెన్సన్ కెరీర్ మ్యాప్ గీస్తే అది ఈ షూటింగుల మ్యాపే, ఇటలీ, ఐర్లండ్, కెనడా, జర్మనీ, కేప్ టౌన్, హైదరాబాద్, లాస్ ఏంజెల్స్.

ఈ తిరుగుడులోంచి పుట్టిన ఇంకో వ్యవహారం ఒక్క సీజన్ విలన్. ఒక అమెరికన్ సిరీస్ ఐదారు సీజన్లు నడిచాక హీరోకి ఎదురు నిలబడేవాడు ఉండడు, అప్పుడు బయటి నుంచి ఒక గట్టి నటుడిని తెచ్చి ఆ సీజన్‌కి ప్రాణం పోస్తారు. హంతకుల్ని వెతికి చంపే డెక్స్‌టర్ అనే హంతకుడి కథ 'డెక్స్‌టర్', 2012లో దాని ఏడో సీజన్‌కి ఆ పని చేసింది ఈయనే. ఐజాక్ సిర్కో, ఉక్రెయిన్ మాఫియా బాస్, డెక్స్‌టర్‌ని చంపడానికి మయామీ వస్తాడు. మొదట్లో మామూలు పగ అనుకుంటాం. తర్వాత ఒక బార్‌లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, అక్కడ మనుషుల మధ్య ఇద్దరూ ఏం చేయలేరు కాబట్టి మాట్లాడుకుంటారు, అప్పుడు తెలుస్తుంది డెక్స్‌టర్ చంపిన విక్టర్ ఈయన ప్రేమించిన మనిషి అని. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కన్నీళ్లు పెట్టుకోడు, గ్లాసు వైపు చూస్తాడు, గొంతు కొంచెం తగ్గుతుంది, అంతే. అప్పటిదాకా హీరో వైపున్న మనం ఒక్క నిమిషం విలన్ వైపు జరిగిపోతాం. తర్వాత వచ్చిన ఎనిమిదో సీజన్‌లో ఇలాంటి బరువు లేదు, ఆ తేడా చాలామంది ఫ్యాన్స్‌కి కొట్టొచ్చినట్టు తెలిసింది.

'బ్లాక్ సెయిల్స్'లో మూడో సీజన్‌లో వచ్చారు, ఎడ్వర్డ్ టీచ్, అంటే బ్లాక్‌బియర్డ్. నాలుగో సీజన్‌లో ఆయన్ని చంపే పద్ధతి చూడటానికి గుండె ధైర్యం కావాలి, తాళ్లు కట్టి ఓడ కిందనుంచి లాగుతారు, ఓడ అడుగున పట్టి ఉన్న గవ్వలు ఒళ్లంతా చీరేస్తాయి. ఒకసారి లాగి పైకి తీస్తారు, మళ్లీ లాగుతారు. ప్రతిసారీ బతికే ఉంటాడు, బతిమాలడు, అరవడు. ఆఖరికి తుపాకితో కాల్చాల్సొస్తుంది. చుట్టూ ఉన్న దొంగలు, చంపుతున్న గవర్నర్ మనుషులు కూడా తలలు దించుకునేంత నిశ్శబ్దం, డైలాగ్ ఒక్కటీ లేదు. డాగనెట్ సరస్సు మీద చేసింది గుర్తొస్తుంది నాకు. పదమూడేళ్ల తర్వాత అదే శక్తి ఇంకా చిక్కబడి కనపడుతుంది.

ఆర్ఆర్ఆర్‌కి ఆయన్ని తీసుకుంటున్నట్టు 2019 నవంబర్లో ప్రకటించారు, ఐరిష్ నటి అలిసన్ డూడీ లేడీ స్కాట్‌గా, ఒలీవియా మోరిస్ జెన్నీగా అదే రోజు. మన సినిమాల్లో తెల్లదొర వేషాలకి పెద్ద చరిత్రే ఉంది, 1974 'అల్లూరి సీతారామరాజు'లో రూథర్‌ఫర్డ్‌గా చేసింది మన జగ్గయ్య గారు, ఆ గొంతు, ఆ హుందాతనం ఇంకా చెవుల్లో ఉన్నాయి. కానీ చాలా సినిమాల్లో దొర అంటే ఊళ్లో దొరికిన ఏదో ఒక తెల్ల మొహం, వచ్చీరాని తెలుగు, అతి నవ్వు. అల్లూరి, భీమ్ ఇద్దర్నీ ఒకే కథలో పెట్టిన సినిమాకి అలాంటి దొర పనికిరాడు. ఎదుటివాడు తేలికగా ఉంటే వీళ్ల కోపం తేలిపోతుంది. రాజమౌళి సినిమాల్లో హీరో ఎంత ఎత్తుకి లేస్తే విలన్ కూడా అంత బరువుండాలి, ఆ బరువు కోసమే ఈయన. భీమ్‌ని కొరడాతో కొట్టించే సీన్‌లో స్కాట్ చేసేది చాలా తక్కువ, ఎక్కువసేపు చూడటమే, కానీ భీమ్ మోకాళ్ల మీద కూర్చోవట్లేదని ఆ మొహంలో పేరుకునే చిరాకు వల్లే భీమ్ గెలుపు మనకి గెలుపుగా తెలుస్తుంది. ఆయన చనిపోయినప్పుడు సినిమా టీమ్ షూటింగ్ ఫొటో ఒకటి పెట్టి, 56 ఏళ్ల వయసులో కష్టమైన స్టంట్ ఏమాత్రం వెనకాడకుండా చేశారని రాసింది. ఆయనతో పనిచేయడం ఎంత ఆనందమో, సెట్‌కి ఎంత ఉత్సాహం తెచ్చేవారో రాజమౌళి కూడా రాశారు. తెర మీద అంత విషం కక్కిన మనిషి గురించి సెట్‌లో అందరూ చెప్పింది నవ్వు గురించే.

ఇక స్టార్ వార్స్ సిరీస్ 'అహ్సోకా', 2023 ఆగస్టులో డిస్నీ ప్లస్‌లో వచ్చింది, ఆయన పోయిన మూడు నెలలకి. మొదటి ఎపిసోడ్ చివర "మా స్నేహితుడు రే కోసం" అని వేశారు. బేలన్ స్కోల్ అనే పాత్ర, ఒకప్పటి జెడై, అంటే స్టార్ వార్స్ కథల్లోని యోధుడు, తనవాళ్లంతా ఊచకోతకి గురైతే మిగిలిపోయినవాడు, ఇప్పుడు డబ్బుకి కత్తి పట్టాడు గానీ మనసులో వేరే ఏదో వెతుకుతున్నాడు. తెరపై మామూలుగా జెడైలు గిరగిరా తిరుగుతూ పోరాడతారు, ఈయన మాత్రం మధ్యయుగపు యోధుడిలా రెండు చేతులతో కత్తి పట్టుకుని ఒక్కో దెబ్బ బరువుగా వేస్తాడు. ఇంకా బాగుండేది నాలుగో ఎపిసోడ్, శత్రువు వైపున్న సబీన్ చేతిలోని మ్యాప్ కావాలి, గుంజుకోవచ్చు, కానీ కత్తి దించి మాట్లాడతాడు, నీ ఫ్రెండ్‌ని కలవాలనుంది కదా, నాతో రా, నీకేం కాదు అని చాలా నెమ్మదిగా, నిజాయితీగా. అమ్మాయి మ్యాప్ ఇచ్చేస్తుంది, మనమూ ఇచ్చేసేవాళ్లమే. రివ్యూ రాసినవాళ్లలో చాలామంది సిరీస్‌లో బెస్ట్ ఈయనే అన్నారు. 58 ఏళ్లకి, మొదటిసారి, ప్రపంచం మొత్తం ఒకే టైములో ఒకే పాత్రలో ఆయన్ని చూసింది, అప్పటికి ఆయన లేరు. బేలన్ కథ సగంలో ఆగిపోయింది కాబట్టి రెండో సీజన్‌కి ఆ పాత్రని స్కాట్లండ్ నటుడు రోరీ మెక్‌కాన్‌కి ఇచ్చారు, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో హౌండ్ చేసిన ఆయనే. సరైన ఎంపికే అనుకుంటా, ఆయనా ఇదే జాతి నటుడు, పెద్ద శరీరం, తక్కువ మాటలు, లోపల గాయం.

ఆర్ఆర్ఆర్ ఒక్కటే చూసి, ఈయన్ని ఇంకా చూడాలనుకునేవాళ్లకి నా సలహా: ముందు 'రోమ్' మొదటి సీజన్ మొత్తం చూడండి, నెమ్మదిగా మొదలవుతుంది, మూడు ఎపిసోడ్ల దాకా ఓపిక పట్టండి. రెండో సీజన్ ఆఖరి సీన్‌లో పులో ఒక పిల్లాడి భుజం పక్కన నడుస్తూ "మీ నాన్న గురించి ఒక మాట చెప్పాలి" అని మొదలెడతాడు, 22 ఎపిసోడ్లు ఆ ఒక్క వాక్యం కోసం చూసినా నష్టం లేదు. తర్వాత 'డెక్స్‌టర్' ఏడో సీజన్, కానీ దానికి ముందు సీజన్లు తెలిసుంటేనే అసలు రుచి. 'బ్లాక్ సెయిల్స్'లో ఈయన వచ్చేది సగం కథ అయ్యాక కాబట్టి మొదటి నుంచి చూడాల్సిందే, పిల్లలు పక్కన లేనప్పుడు. టైము లేనివాళ్లు 'కిల్ ది ఐరిష్‌మన్' పెట్టుకోండి, రెండు గంటల్లోపే అయిపోతుంది, ఆయన్ని పూర్తి హీరోగా చూడటానికి దొరికేవాటిలో నా దృష్టిలో అదే బెస్ట్.